ఏడో లైను: ఆకుకూరలు తినరాదు

నేను రాసిన ఉత్తరాలకు ఇంతవరకూ జవాబు లేదు. మొత్తం పదకొండు ఉత్తరాలు. ప్రతిదానికీ నకలు ఉంది, పోస్టాఫీసు ముద్ర పడిన రసీదు ఉంది. ఒకే ఒక్కదానికి మాత్రం ఒక కాగితం వచ్చింది. ‘మీ లేఖ అందినది. తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగమునకు పంపబడినది’ అని. ఆ సంబంధిత విభాగం ఏదో కనుక్కుందామని నెల రోజులు తిరిగాను. చివరికి తేలిందేమిటంటే, అది మా ల్యాబే. నా ఫిర్యాదు నాలుగు ఆఫీసులు చుట్టి, నాలుగు ముద్రలు వేయించుకుని, నా బల్ల మీదికే వచ్చి పడింది. తగు చర్య తీసుకుని నివేదిక పంపవలసిందిగా నాకే ఆదేశం. నేను నివేదిక కూడా పంపాను. దానికీ జవాబు లేదు.

అందుకే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు చదువుతారని ఆశ. పైవాళ్లు కూడా చదివితే సంతోషమే కానీ, వాళ్ల అలవాట్లు నాకు తెలుసు.

నా పేరు యాకూబ్. భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఒక సర్కారు దవాఖానాలో రక్త పరీక్షలు చేస్తూ రిటైరయ్యాను. ఏ దవాఖానా అన్నది రాయను. రాస్తే జవాబు చెప్పవలసినవాళ్లు నిశ్చింతగా ఉంటారు, సంబంధం లేనివాళ్లు కోపం తెచ్చుకుంటారు. అడవి పల్లెల నుంచి వచ్చే కోయవాళ్లు నన్ను ‘నెత్తురు సారు’ అనేవాళ్లు. మా దవాఖానాలో పనిచేసేవాళ్లు ‘ఓ ల్యాబ్’ అని పిలిచేవాళ్లు. రెండింటిలో ఏది గౌరవమో మీరే చెప్పండి.

నీలం మూత

ఉద్యోగంలో నాకు పని నేర్పింది వెంకటయ్య సారు. బొగ్గు గనుల కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. గొంతు సైరన్ మాదిరి ఉండేది. చేరిన మొదటి వారంలోనే రక్తం గడ్డకట్టే టైము చూసే పరీక్ష నాకు అప్పజెప్పారు. ఆ పరీక్షకు నీలం మూత ఉన్న గాజు గొట్టం వాడతాం. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు అందులో కొలత ప్రకారం ముందే పోసి ఉంటుంది. గొట్టం మీద ఒక గీత ఉంటుంది. రక్తం సరిగ్గా ఆ గీత దాకా రావాలి. నేను ఒక ముసలాయన నరం దొరక్క సగం నింపి తెచ్చాను.

“ఏందిరా ఇది?” అన్నారు వెంకటయ్య సారు, గదిలో ఉన్న ఏడుగురు రోగుల ముందు. “గీత దాకా నింపమంటే సగం తెచ్చినవ్. ఇది రక్తమా, నీళ్లు కలిపిన షర్బత్తా?”

“నరం దొరకలే సారు.”

“నరం దొరక్కుంటే ఇంకోసారి వెతుకు. లేకుంటే నాకు చెప్పు. సగం గొట్టంల రక్తం తక్కువ, మందు ఎక్కువ. గడ్డకట్టనీకె ఆలస్యమైతది. కాగితం మీద నంబరు ఎక్కువ పడ్తది. డాక్టరు ఆ నంబరు చూసి మాత్ర తగ్గిస్తడు. ఆ ముసలాయన ఇంటికి పోయి పక్షవాతమొచ్చి పడిపోతడు. నువ్వేమో ఈడ ఛాయ తాగుకుంట కూసుంటవ్.”

ఆ రోజు ఆయన అలా తిట్టడం నేను మరిచిపోలేదు, క్షమించనూ లేదు. కానీ ఆయన చెప్పింది నిజం. ఆ తర్వాత నేను ఒక్క గొట్టం కూడా గీతకు తక్కువగా తీసుకోలేదు. మీరూ తీసుకోకండి. నరం దొరకలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడి తప్పుడు నంబరు రాసేవాళ్లు ఈ వృత్తిలో చాలామంది ఉన్నారు. వాళ్లకే ముందు ప్రమోషన్లు వచ్చాయి. ఆ సంగతి ఇక్కడ వద్దు.

గోడ చాలని విటమిన్

మా నాన్న సత్తుపల్లిలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు. గిన్నె ఎంత మంచిదైనా సరే, కళాయి లేకపోతే అందులో పులుసు పెట్టలేం. విటమిన్ కె గురించి కొత్తవాళ్లకు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఆ మాటే చెప్పాను. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను కొన్నింటిని మన కాలేయం తయారు చేస్తుంది. అవి గిన్నెలు. విటమిన్ కె వాటికి పూసే కళాయి. అది పడకపోతే గిన్నెలు లెక్కకు ఉంటాయి గానీ పనికిరావు. చిన్న గాయమైనా కారుతూనే ఉంటుంది. ఎముకలకు కూడా ఆ విటమిన్‌తో పని ఉంది.

ఈ కె మనకు ముఖ్యంగా ఆకుకూరల్లోనే దొరుకుతుంది. మునగాకు, తోటకూర, గోంగూర, ముదురు పచ్చగా ఉన్న ఏ ఆకైనా సరే. కూరలో కాస్త నూనె ఉంటేనే ఒంటికి పడుతుంది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కూడా కొంత తయారు చేస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ సూక్ష్మజీవులు ఇంకా చేరవు, తల్లిపాలలో కె తక్కువ. అందుకే కాన్పు గదిలో బిడ్డ తొడకు ఒక చిన్న సూది వేస్తారు. ఆ సూది పడని కొందరు బిడ్డల్లో బొడ్డు దగ్గరో, పేగుల్లోనో, ఒక్కోసారి తలలోనో రక్తం కారుతుంది. నర్సమ్మ ఆ పని అర నిమిషంలో చేసి ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోతుంది. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

చప్పట్లు ఎక్కడ కొడతారంటే పోషకాహార వారోత్సవంలో కొడతారు. ఒక ఏడాది మా దవాఖానా ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ‘ఆరోగ్యానికి విటమిన్లు’ అని పైన పెద్ద అక్షరాలు. కింద ఎ, బి, సి, డి, ఇ. అక్కడితో అయిపోయింది. నేను వెళ్లి మా పెద్ద డాక్టరును అడిగాను.

“సార్, విటమిన్ కె లేదు.”

“జాగ చాల్లేదు యాకూబ్.”

“ఇంత పెద్ద ఫ్లెక్సీల జాగ లేదా సార్?”

“కింద అతిథుల ఫోటోలు పెట్టాలె గదా! తొమ్మిది మందైన్రు.”

ఆ తొమ్మిది మంది అతిథుల్లో ఒక్కరు తగ్గినా కె పట్టేది. సభ జరుగుతున్నంతసేపూ గాలి వీచి ఫ్లెక్సీ ఎగిరిపోతుంటే ఎడమవైపు కర్ర పట్టుకుని నిలబడింది నేనే. కుడివైపు కర్ర పట్టుకున్న వాచ్‌మన్‌కు టిఫిన్ పొట్లం ఇచ్చారు. నాకు ఇవ్వలేదు. టెక్నీషియన్లకు వేరే ఉంటుందన్నారు. ఎక్కడ ఉందో ఇప్పటికీ తెలియదు.

గడియారం పెట్టి పంపిన్రు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దుమ్ముగూడెం దాటి గోదావరి పక్కన లోపలికి పోతే ఒక కోయ గూడెం ఉంది. అక్కడి జోగమ్మకు చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల గుండెలో ఒక కవాటం పాడైంది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. అలాంటి కవాటం మీద రక్తం గడ్డ పేరుకోకుండా జీవితాంతం రక్తాన్ని పల్చన చేసే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర చేసే పని ఏమిటంటే, ఒకసారి వాడిన కళాయిని కాలేయం కరిగించి మళ్లీ వాడుకోకుండా అడ్డుపడటం. అన్ని గిన్నెలకూ పూత పడకూడదు, అలాగని అసలు పడకుండానూ ఉండకూడదు. పూత ఎంత పడుతోందో తెలుసుకోవడానికే నా నీలం మూత పరీక్ష. గడ్డకట్టే టైమును మామూలు మనిషి టైముతో పోల్చి వేసే నంబరు అది, మామూలుగా ఒకటి ఉంటుంది. జోగమ్మకు ఆ నంబరు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం.

ఆమె మొదటిసారి మా ల్యాబుకు వచ్చిన రోజు గదిలో ఆమె, ఆమె భర్త తప్ప వేరే రోగులు లేరు. ఆమె కూర్చున్న వైపు నుంచి టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. నేను గోడ గడియారం వైపు చూశాను. అది ఆగిపోయి చాలా కాలమైంది. దాని మీద రాసిన ఉత్తరం ఆ పదకొండులో లెక్క కాదు.

“గది గడియారం కాదు సారు, ఈమెనే” అన్నాడు భర్త భీమయ్య. “పట్నంల గడియారం పెట్టి పంపిన్రు. మా ఇంట్ల ఇగ గడియారం కొనే పనిలేదు.”

“చప్పుడే గానీ టైం చెప్పదు సారు” అంది జోగమ్మ. “ఉత్తగనే కొట్టుకుంటది.”

“కొట్టుకోనీ అమ్మా, అది ఆగకుండా ఉంటే చాలు” అన్నాను.

ఇలాంటి రోగులందరికీ మా దవాఖానాలో ఒక గులాబీ రంగు చీటీ ఇస్తారు. జాగ్రత్తలు రాసి ఉంటాయి, మొత్తం పదకొండు లైన్లు. అందులో ఏడోది: ‘ఆకుకూరలు తినరాదు.’ భీమయ్యకు కొంచెం చదువు వచ్చు. వేలు పెట్టి చదివి, తలెత్తి నన్ను చూశాడు.

“ఆకు తినొద్దంటే మరేం తినాలె సారు?”

“అది డాక్టరును అడగాలె.”

“ఆయన్నే మా ఊరికి రమ్మను సారు. నాలుగు దినాలు మా ఇంట్ల ఉండమను. ఆకు లేకుంట కూరెట్ల వండుతరో ఆయన్నే వండి సూపియ్యమను. మేం నేర్సుకుంటం.”

ఆ మాట నవ్వుకుని వదిలేశాను. అప్పుడే పట్టించుకుని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

పండుగల నోటుబుక్కు

నా దగ్గరికి పరీక్షకు వచ్చే కవాటం రోగులు పది మందికి లోపే. వాళ్ల నంబర్లు రిజిస్టరులో రాస్తూ రాస్తూ ఒక విచిత్రం గమనించాను. వానలు మొదలయ్యాక అడవి పల్లెలవాళ్లందరి నంబర్లూ మెల్లగా పైకి పోతాయి. కొన్నాళ్లకు ఒక్కసారిగా పడిపోతాయి. అయితే అందరివీ ఒకే వారం పడవు. ఒక ఊరివాళ్లవి ముందు, ఇంకో ఊరివాళ్లవి తర్వాత. అశ్వారావుపేట వైపు నుంచి వచ్చే పామాయిల్ తోట కూలీల నంబర్లు ఇలా ఎక్కి దిగవు. మందు అదే, కిట్టు అదే, చేసే చెయ్యి నాదే.

జోగమ్మనే అడిగాను. “వానలు పడ్డయి, ఎటు చూసినా పచ్చగ మొలిచింది. మరి ఈ నెల నంబరెందుకు పెరిగింది? ఆకు తింటలేవా?”

ఆమె నన్ను చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూసింది. “కొత్త కాలే గద సారు!”

వాళ్ల ఊళ్లో ఆనవాయితీ అది. ఆ ఏడు కొత్తగా మొలిచిన ఆకు ముందు ఊరి తల్లి ముత్యాలమ్మకు పెట్టాలి. పూజారి ఆ పని చేసేదాకా ఊళ్లో ఎవరూ కొత్త ఆకు నోట పెట్టరు. దాన్నే కొత్త తినడం అంటారు. ఏ రోజు అన్నది ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. ఒక్కో ఊరికి ఒక్కో రోజు. అప్పటిదాకా వాకిట్లో మొలిచినా ముట్టరు. అయ్యాక రోజూ రెండు పూటలా అదే.

నాకు ఒక్కసారిగా రిజిస్టరు మొత్తం అర్థమైంది. కొత్తకు ముందు ఆకు లేదు, కె లేదు, నంబరు పైకి. డాక్టరు మాత్ర తగ్గిస్తాడు. కొత్త అయ్యాక ఆకే ఆకు, నంబరు కిందికి. డాక్టరు మాత్ర పెంచుతాడు. ఆయన ప్రతిసారీ పోయిన నెల జబ్బుకు ఈ నెల మందు రాస్తున్నాడు.

నేను ఒక నోటుబుక్కు పెట్టి ఏ ఊళ్లో కొత్త ఎప్పుడో రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు వానాకాలాలు రాశాక, పెద్ద డాక్టరు గారి మీటింగులో దాన్ని బల్ల మీద పెట్టాను. ఆయన రెండు పేజీలు తిప్పారు.

“యాకూబ్, నువ్వు ల్యాబ్ నడుపుతున్నవా, పంచాంగం చెప్తున్నవా?”

అందరూ నవ్వారు. నోటుబుక్కు మీద ఛాయ గ్లాసు పెట్టారు. ఆ గ్లాసు మచ్చ నాలుగో పేజీ దాకా దిగింది. ఇప్పటికీ ఉంది. కావాలంటే చూపిస్తాను. ఆ రోజు ఛాయ గ్లాసులు కూడా లెక్కకు ఒకటి తక్కువ వచ్చాయి. ఎవరికి తక్కువైందో చెప్పనక్కరలేదు.

నా తప్పు

ఇంతవరకూ చదివినవాళ్లు నాదంతా గొప్పే అనుకోవచ్చు. ఇప్పుడు నా తప్పు రాస్తాను. పైవాళ్ల తప్పులు ఎంత వివరంగా రాశానో దీన్నీ అంతే వివరంగా రాస్తాను.

ఆ ఏడు కొత్త అయిన పది రోజులకు జోగమ్మ వచ్చింది. నంబరు బాగా పడిపోయింది. పెద్ద డాక్టరు గారు గులాబీ చీటీ చేతిలో పట్టుకుని, “ఆకుకూరలు తిన్నవా?” అని గట్టిగా అడిగారు.

“లేదు సారు” అంది జోగమ్మ.

చీటీ చూపించి అడిగితే ఎవరైనా అదే చెప్తారు. ఆయన మాత్ర పెంచి రాశారు. ఆమె అబద్ధం చెప్పిందని నాకు తెలుసు. నా నోటుబుక్కు నిజమని రుజువు చేసుకోవాలన్న పట్టుదల ఒకవైపు, నా మాట ఎవరూ వినడం లేదన్న కసి ఇంకోవైపు. ఆమెను ఆటోలు ఆగే చోట పట్టుకున్నాను.

“అబద్ధమెందుకు చెప్పినవ్? రోజూ ఆకే తింటున్నవ్ గదా?”

“తిన్న సారు.”

“సచ్చిపోతవ్. ఇయ్యాల్టి నుంచి ఆకు ముట్టొద్దు. ఒట్టెయ్యి.”

“ఒట్టెందుకు సారు?”

“ముత్యాలమ్మ మీద ఒట్టెయ్యి!”

నేను శుక్రవారం మసీదుకు పోయేవాణ్ని. ముత్యాలమ్మ మీద ఒట్టు వేయించడానికి నాకేం హక్కు ఉందో అప్పుడు తోచలేదు. ఆమె కళ్లు మూసుకుని ఒట్టు వేసింది. నేను విజయం సాధించినట్టు ల్యాబుకు తిరిగి వచ్చాను.

మూడు వారాల తర్వాత భీమయ్య ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. చిగుళ్ల నుంచి రక్తం కారి చీర కొంగంతా ఎర్రగా ఉంది. చేతుల మీద నల్లటి మచ్చలు. ఎక్కడా తగల్లేదంట. నేను రక్తం తీసిన చోట దూది పెట్టి అదుముతుంటే దూది మీద దూది తడుస్తోంది. గొట్టాన్ని వేడి నీళ్ల తొట్టిలో పెట్టి, మందు కలిపి, వంచుతూ చూస్తున్నాను. మామూలు మనిషి రక్తం పన్నెండు, పదమూడు సెకన్లలో గడ్డకడుతుంది. ఈమెది అర నిమిషం దాటింది, నిమిషం దాటింది, నీళ్లలాగే కదులుతోంది. కిట్టు పాడైందనుకున్నాను. కిట్టు పాడైతే బాగుండునని కోరుకున్నాను అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. నా చేతి రక్తమే తీసుకుని పెట్టాను. పదమూడు సెకన్లలో గడ్డకట్టింది. కిట్టు బాగానే ఉంది.

పెద్ద డాక్టరు గారు ఆ రోజు జిల్లా మీటింగులో ఉన్నారు. డ్యూటీలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఉంది. మా అమ్మాయి వయసు.

“మేడం, ఈమె ఆకు మానేసింది. నేనే మాన్పించిన.”

“ఎప్పటి నుంచి?”

“మూడు వారాలు.”

“అంటే మాత్ర పెంచిన రోజు నుంచే?”

“అవ్ మేడం.”

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. “ముందు ఈమెను చూద్దాం. మిమ్మల్ని తర్వాత చూస్తా” అంది.

అంబులెన్సును వాకిట్లో సిద్ధంగా పెట్టించింది. రక్తం పల్చన చేసే మాత్ర ఆపించింది. విటమిన్ కె కావాలంది. స్టోరులో లేదు. కాన్పు గది నుంచి నర్సమ్మ పరుగున తెచ్చింది, అప్పుడే పుట్టిన బిడ్డల కోసం పెట్టిన చిన్న సీసా. డాక్టరమ్మ దాన్ని పగలగొట్టి, సూదిగా ఇవ్వకుండా జోగమ్మ నోట్లో పోయించింది. ఎక్కువ ఇస్తే ఆ లోహపు కవాటం మీద గడ్డ కడుతుంది, తక్కువ ఇస్తే రక్తం ఆగదు. ఫ్లెక్సీ మీద జాగ దొరకని విటమిన్ కోసం ఆ రోజు గదిలో ఉన్నవాళ్లందరం ఊపిరి బిగబట్టి చూశాం.

మర్నాటికి చిగుళ్లు ఆగాయి. నంబరు దిగింది. నేను మంచం పక్కన నిలబడితే జోగమ్మే ముందు మాట్లాడింది.

“ఒట్టు తప్పలే సారు.”

నేను ఆమె చేతి మీది దూది తీసి చూశాను.

“పప్పుల గూడ ఆకెయ్యలే. మా అత్త నవ్వింది, ఆకు తినని కోడలేందని. అయినా తినలే. నువ్వు చెప్పినట్టే చేసిన. మరి గిట్లెందుకైంది సారు?”

తర్వాత డాక్టరమ్మ నన్ను చూస్తానన్నట్టుగానే చూసింది. “యాకూబ్ గారూ, ఆమె అబద్ధం చెప్పి ఆకు తింటూ ఉంటే పెంచిన మాత్ర సరిపోయేది. మీకు నిజం చెప్పి, మీ మాట విన్నాకే ప్రాణం మీదికి వచ్చింది. ఆకు తినడం ప్రమాదం కాదు. ఒకరోజు తిని ఒకరోజు మానడం ప్రమాదం. మీ నోటుబుక్కులో ఉన్నది అదే కదా? రాసిన మీకే అర్థం కాలేదా?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. అందరి మీదా నాకు ఫిర్యాదు ఉంది. ఈ అమ్మాయి మీద లేదు.

పూజారి తీర్పు

అయితే ఏం చెయ్యాలి? రోజూ ఒకే కొలత ఆకు తినాలి, ఏడాది పొడుగునా. కొత్తకు ముందు నెలల్లో ఎలా? ఆనవాయితీ తప్పమని చెప్పడానికి నేనెవర్ని? పోయిన ఏడాది మునగాకు నీడలో ఆరబెట్టి దాచుకుంటే సరిపోతుందని డాక్టరమ్మ అంది. ఎండలో పెడితే వెలుగుకు కె కొంత పోతుంది, అందుకే నీడ. కానీ ఆ ఎండు ఆకు కొత్తకు ముందు తినవచ్చా? అది చెప్పగలిగినవాడు డాక్టరు కాదు.

దుమ్ముగూడెం దాకా బస్సు, అక్కడి నుంచి భీమయ్య బండి. పూజారి వాకిట్లో కూర్చుని చేపల వల బాగు చేసుకుంటున్నాడు. సంగతి చెప్పాను. ఆయన వల పక్కన పెట్టి నలుగురు పెద్దల్ని పిలిపించాడు.

“పోయినేటి ఆకు, ఎండింది. కొత్తదా, పాతదా?” అని అడిగాడు వాళ్లను.

వాళ్లలో ఒకాయనకు సందేహం వచ్చింది. “ఎండు ఆకు నీళ్లల్ల నానబెడితే మల్ల పచ్చగైతది గద?”

“నువ్వు గోదాట్ల తానం చేసొస్తే మల్ల పిల్లగానివైతవా?” అన్నాడు పూజారి.

అందరూ నవ్వారు. తీర్పు అయిపోయింది. పాతది పాతదే, జోగమ్మ తినవచ్చు. మొత్తం పట్టిన సమయం ఒక బీడీ కాలినంత.

వచ్చేటప్పుడు పూజారి అడిగాడు. “మీ దవాఖానల గిసుంటి ముచ్చటొస్తే ఎవర్నడుగుతరు సారు?”

“పైవాళ్లకు రాసి అడుగుతం.”

“ఏం చెప్తరు?”

“ఏం చెప్పరు.”

“మరెట్ల నడుస్తది దవాఖాన?”

ఆ ప్రశ్నను నా ఎనిమిదో ఉత్తరంలో యథాతథంగా రాశాను.

దగ్గు మందు సీసా మీద ఉండే కొలత మూత ఒకటి జోగమ్మకు ఇచ్చాం. కొత్తకు ముందు రోజూ కూరలో ఒక మూతెడు మునగాకు పొడి, కొత్త అయ్యాక రోజూ ఒక పిడికెడు వండిన ఆకు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. కొత్త ముందు వారం ఒకసారి, తర్వాత వారం ఒకసారి పరీక్ష. మాత్ర ఎంతన్నది డాక్టరమ్మ నంబరు చూసి రాసేది. ఆ తర్వాత వచ్చిన వానాకాలాల్లో జోగమ్మ నంబరు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య బుద్ధిగా కూర్చుంది. రిజిస్టరు సాక్ష్యం. ఇది చదివి ఇంకెవరైనా సొంతంగా మూతలూ పిడికెళ్లూ కొలుచుకోవద్దు. ఎవరి కొలత వాళ్ల డాక్టరుతో, వాళ్ల పరీక్షతో తేలాలి.

ఎర్ర గీత

ఇంత జరిగాక నేను అడిగింది ఒక్కటే. గులాబీ చీటీలో ఏడో లైను మార్చండి. ‘ఆకుకూరలు తినరాదు’ తీసేసి, ‘రోజూ ఒకే కొలతగా తినండి, మార్చే ముందు మాకు చెప్పండి’ అని పెట్టండి. దీనికి జాగ కూడా సమస్య కాదు. పదకొండో లైను ‘దవాఖానా పరిసరాలు శుభ్రంగా ఉంచండి’ అని ఉంది, దాన్ని తీసేసినా చాలు.

ఆ అడగడమే పదకొండు ఉత్తరాలు. నోటితో ఇచ్చిన జవాబులు చాలా ఉన్నాయి. చీటీల పాత కట్టలు అయిపోనీ అన్నారు. అయిపోయాయి. కొత్త కట్టలు వచ్చాయి. ఆత్రంగా విప్పి చూశాను. ఏడో లైను అలాగే ఉంది, కింద ఎర్ర గీత ఒకటి చేరింది. ఆరా తీస్తే, ఏడో లైను మీద పదే పదే ఉత్తరాలు వస్తున్నాయి కాబట్టి అది ముఖ్యమైనదై ఉంటుందని ఎవరో గీత వేయించారట. నా సర్వీసులో నా ఫిర్యాదు వల్ల జరిగిన మార్పు ఇదొక్కటే.

రిటైరైన రోజు సభ పెట్టారు. శాలువా కప్పారు. జ్ఞాపిక మీద నా పేరు కింద ‘ల్యాబ్ అటెండర్’ అని చెక్కించారు. అటెండరు పని చిన్నదని కాదు, నేను చేసిన పని అది కాదు. పెద్ద డాక్టరు గారు నా క్రమశిక్షణ గురించి మాట్లాడారు. నా వంతు రాగానే మైకు పట్టుకుని “గులాబీ చీటీలో ఏడో లైను” అన్నాను. అంతే, మైకు వెనక్కి తీసుకుని భోజనాలు వడ్డిస్తున్నారని ప్రకటించారు. భోజనంలో తోటకూర పప్పు ఉంది. పెద్ద డాక్టరు గారు రెండుసార్లు వేయించుకున్నారు.

ఇప్పుడు

డాక్టరమ్మకు బదిలీ అయింది. నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి పని బాగా చేస్తుందని విన్నాను. గొట్టం గీత దాకా నింపుతుందట. ఆమెకు నా నోటుబుక్కు ఇద్దామని వెళ్లాను. పాత కాగితాలు ల్యాబులో పెట్టకూడదని ఆర్డరు ఉందంట. తిరిగి తెచ్చుకున్నాను.

మొన్న జోగమ్మ ఫోను చేసింది.

“సారూ, వచ్చే వారం మా ఊళ్లె కొత్త పెట్టిన్రు. నిన్న దవాఖానకు పోతే కొత్త డాక్టరు చీటీ సూసిండు. ఎర్ర గీత సూపిచ్చి కోప్పడ్డడు. ఆకు మొత్తం బంద్ చెయ్యమన్నడు. పొడి గూడ వద్దన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“తినను సారూ అన్న.” ఫోనులో టిక్కు టిక్కు వినపడిందని చెప్పను, అంత మంచి ఫోను కాదు నాది. “సారు, చీటీ మాట వినాల్నా, నీ మాట వినాల్నా?”

మాత్ర మార్చొద్దని, ఆ మూతెడు పొడి మానొద్దని, రేపే వెళ్లి పరీక్ష చేయించుకుని డాక్టరుకు తినే కొలత ఉన్నదున్నట్టు చెప్పమని అన్నాను. నా మాటగా ఆయనకు ఒక కాగితం కూడా రాసి భీమయ్యతో పంపాను. కానీ నా దగ్గర ముద్ర లేదు, కుర్చీ లేదు. ఆయన చేతిలో ఎర్ర గీత ఉన్న చీటీ ఉంది. అబద్ధం చెప్తే ఆమెకు తప్పుడు మాత్ర రాస్తారు, చీటీ మాట వింటే మళ్లీ చిగుళ్లు కారతాయి. పోయినసారి ఆ పని చేసింది నేను. ఈసారి చేసేది మీ చీటీ.

కనుక పెద్ద డాక్టరు గారూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఏడో లైను ఉంచుతారా, మారుస్తారా? కారణాలు అక్కరలేదు, కమిటీ అక్కరలేదు, ఎర్ర గీతలు అసలే అక్కరలేదు. ఒక్క మాట చాలు. అది కొత్త జరిగేలోపు కావాలి. దయచేసి ఈ కాగితాన్ని సంబంధిత విభాగానికి మాత్రం పంపకండి. ఆ విభాగం రిటైరై ఇంట్లో కూర్చుని ఉంది. మీరే జవాబు చెప్పండి.